షెడ్డులో నిలిచిన కారు

కాకినాడలో మా యింటి పెరటి షెడ్డున 1978వ సంవత్సరపు అంబాసిడర్ కారు ఒకటి కలదు. మా మామగారు దానిని క్రొత్తగా కొనిరి. కోడండ్రము మువ్వురమును ఆ కారులోనే వచ్చి ఈ గుమ్మము ముందు దిగితిమి. మామగారు 2016లో గతించిరి. నాటినుండి దానిని అమ్మవలయునా, ఉంచవలయునా యను చర్చ పండుగకొకమాఱు మా యింట జరుగుచునే యుండెను. అమ్ముటకు అత్తగారు ఒప్పుకొనలేదు. ఉంచుకొనుట యనగా షెడ్డులో పెట్టి తాళము వేయుటయే యని మేమందఱము అనుకొంటిమి. పొరపాటు అచ్చటనే జరిగినది.

కారు సంగతి మన పత్రికలో నేల యని సోదరీమణులు కొందఱు అనుకొనవచ్చును. ఆవకాయ జాడీలో తడిగరిటె పెట్టరాదని మనకొకరు చెప్పవలయునా? పట్టుచీరను అప్పుడప్పుడు మడత మార్చి నీడపట్టున గాలికి ఆఱవేయనిచో మడతవెంబడినే చిరుగునని మనమెఱుగుదుము. వస్తువును నిలువయుంచుట మనకు నిత్యము అలవాటైన పని. పాత వాహనమునకు కావలసినదియు నదియే. మరలు విప్పి బిగించుట మెకానిక్కు పని; తేదీలు జ్ఞప్తియందుంచుకొని తడిని, త్రుప్పును, ఎలుకను కనిపెట్టియుండుట ఇంటిలోనివారి పని.

అంబాసిడర్ కార్లు ఇంగ్లాండుదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనానుబట్టి వంగదేశమునందలి ఉత్తరపారా కర్మాగారములో తయారయ్యెడివి. 2014లో ఆ తయారీ ఆగిపోయినది. కావున మన కారులో చెడిపోయిన భాగమునకు బదులు దొరకుట ఏటికేడు కష్టమగుచున్నది. చెడిన పిమ్మట బాగుచేయించుటకంటె చెడనీయకుండుట తేలిక.

2020 మార్చిలో కోవిడ్ కారణమున ఊరెల్ల మూతపడినప్పుడు మా కారు షెడ్డులో నిలిచినది. మరల వెలుపలికి తీసినది 2021 ఆగస్టులో, శ్రావణమాసమున, మా ఆడపడుచు కుమార్తె పెండ్లికి రామచంద్రపురము పోవుటకు. నడుమ పదునేడు మాసములు గడచినవి. షెడ్డు కప్పు కురియుచున్నదని నేనే దానిమీద దళసరి ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులమీద ఇటుకలు పేర్చితిని. జాగ్రత్త చేసితినని మురిసితిని గూడ. పట్టా తీసిననాడు లోపలనుండి వచ్చిన ముక్కవాసన నేటికిని మఱువలేను. క్రొత్త బ్యాటరీ వేయించి, టైర్లలో గాలి కొట్టించితిమి. మెకానిక్కు స్టార్టు చేయగా ఇంజను రెండు నిమిషములలో పలికినది. “గుఱ్ఱంలా ఉందమ్మా, బెంగపడకండి” అని అతడు వెడలిపోయెను. ఇంజను పలికినచో బండి బాగున్నట్లే యని మేమును నమ్మితిమి.

మా మరది నడుపుచుండెను. వెనుక సీటులో అత్తగారు, నేను, పిల్లలిద్దఱు. కాలువ వంతెన దిగుచోట ముందు గడ్డి ట్రాక్టరు నెమ్మదించగా మరది బ్రేకు త్రొక్కెను. పెడలు నేలవఱకు పోయినది, బండి ఆగలేదు. అతడు గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, ప్రక్కనున్న ఇసుకకుప్పమీదికి బండిని త్రిప్పెను. దైవకృపవలన ఎవరికిని దెబ్బ తగులలేదు. పిల్లలు ఏడ్చుటకైనను మఱచి కూర్చుండిరి. అత్తగారు చాలసేపటికి, “మీ మామగారుండగా ఇలా ఎన్నడూ కాలేదమ్మాయ్” అనిరి. పెండ్లికి ఆటోలో పోయితిమి.

తరువాత విప్పి చూడగా కారణము తెలిసినది. బ్రేకు ఆయిలు అని మనము పిలుచునది నిజమునకు నూనె కాదు. వానకాలములో డబ్బాలోని ఉప్పు చెమర్చునట్లు గాలిలోని తడిని పీల్చుకొను ద్రవము. ఏండ్లు గడచినకొలది దానిలో నీరు చేరును. ఆ నీటివలన చక్రములయొద్ద నుండు చిన్న యినుప సిలిండర్ల లోపలిగోడలు త్రుప్పుపట్టును. కదలిక లేక వానిలోని రబ్బరు బిళ్లలు బిఱుసెక్కును. చాలకాలమునకు గట్టిగా త్రొక్కగానే రబ్బరు ఆ త్రుప్పుమీద ఒరసికొని చినుగును, ద్రవము కారిపోవును. మా బండిలో నాలుగు చక్రములకును గొట్టముల వరుస యొక్కటే. ఒకచోట కారినచో నాలుగింటి బ్రేకులును పోవును. రెండేండ్లకొకమాఱు ఆ ద్రవమును మార్పించినచో ఇంత జరుగదు. అందుకగు ఖర్చు కొన్ని వందల రూపాయలు మాత్రమే.

మామగారి డైరీలో రెండేండ్లకొకసారి “బ్రేకు ఆయిలు” అని ఎఱ్ఱసిరాతో వ్రాసియున్నది. ఆ డైరీ బీరువాలో ఆయన కండువాల క్రింద ఉండెను. అయిదేండ్లు మేమెవ్వరమును దానిని తెఱచి చూడలేదు. నాటినుండి దానిలో వ్రాయుట నా వంతైనది.

మొదట తడి సంగతి. సముద్రపుగాలి తగులు ఊళ్లలో త్రుప్పు రెట్టింపు వేగముతో వచ్చునని మనవారందఱికిని అనుభవమే. ప్లాస్టిక్ పట్టా పైవానను ఆపును గాని నేలనుండి లేచు ఆవిరిని క్రిందనే బంధించును. షెడ్డు కప్పు బాగుచేయించి, పాత నూలుదుప్పట్లను జతపఱచి కుట్టి కప్పితిని. గాలి ఆడును, ధూళి ఆగును. నిలుపుటకు ముందు బండి క్రిందిభాగమును మంచినీటితో కడిగించి, ఒకనాడెల్ల ఎండనిచ్చి, లోపలి చాపలను తీసి ఇంటిలో పెట్టవలెను. తలుపుల అడుగంచున నీరు జారుటకు సన్నని రంధ్రములుండును. అవి మట్టితో పూడినచో తలుపు లోలోపలనే కుళ్లును. జడపిన్నుతో వానిని శుభ్రపఱచుట అయిదు నిమిషముల పని. మా యింట మగవారెవ్వరికిని ఈ రంధ్రములున్నట్లే తెలియదు!

వారమునకొకమాఱు స్టార్టు చేసి అయిదు నిమిషములలో ఆపుట మంచిదని చాలమంది చెప్పుదురు. అది మేలుకంటె కీడే యెక్కువ చేయును. పెట్రోలు మండునప్పుడు నీటియావిరి పుట్టును. ఇంజను పూర్తిగా వేడెక్కనిచో ఆ యావిరి నీరై ఇంజను నూనెలోను, సైలెన్సరులోను నిలిచిపోవును. స్టార్టు చేయుటకు బ్యాటరీనుండి పోయిన శక్తియైనను ఆ కొంచెము సేపటిలో తిరిగి చేరదు. రెండు మూడు వారములకొకమాఱు పదునైదు, ఇరువది కిలోమీటర్లు నడిపింపుడు. అది వీలుకానిచో అసలు స్టార్టు చేయకుండుటయే మంచిది. మాసముల తరబడి నిలుపదలచినచో వాడిన ఇంజను నూనెను మార్పించి నిలుపవలెను. పాత నూనెలో ఆమ్లములు చేరియుండును.

పెట్రోలు విషయమున కాలము మాఱినది. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు తడిని ఆకర్షించును. దానికి తగినట్లు చేయని పాత రబ్బరు గొట్టములను, గాస్కెట్లను మెత్తబఱచి పాడుచేయును. పాత బండ్లవారు ఇథనాలుకు ఓర్చు గొట్టములను వేయించుకొనుట అత్యవసరము. కారిన పెట్రోలు వేడి ఇంజనుమీద పడుట ఎంత ప్రమాదమో చెప్పనక్కఱలేదు. ఒకటి రెండు మాసములైనచో ట్యాంకు నిండుగా నుంచవలెను. ఖాళీ చోటు లేనిచో తడిగాలికి తావుండదు. అంతకంటె ఎక్కువకాలమైనచో మెకానిక్కుచేత ట్యాంకును, కార్బురేటరును ఖాళీ చేయింపుడు.

బ్యాటరీకి బండి ఒంటికి కలిపిన తీగను మొదట విప్పించి, నెలకొకమాఱు ఛార్జి పెట్టింపవలెను. నిండిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపును, 12.4కు దిగినచో ఆలస్యము చేయరాదు. ఛార్జి అగునప్పుడు మండు వాయువు వెడలును గనుక దీపమును, అగరువత్తినిగూడ దగ్గఱకు తేరాదు. చేతిబ్రేకు లాగి నిలిపినచో బ్రేకు చెప్పులు డ్రమ్ములకు అంటుకొనిపోవును. చక్రములకు ముందువెనుకల చెక్కముక్కలు పెట్టిన చాలును. నెలకొకమాఱు బండిని కొంచెము ముందుకు త్రోయించినచో టైరు ఒక్కచోటనే అణగదు. టైరు ప్రక్కన నాలుగంకెలుండును. 2319 అనియున్నచో 2019వ సంవత్సరపు ఇరువదిమూడవ వారమున తయారైనదని అర్థము. చూపునకు క్రొత్తగానున్నను పదియేండ్లు దాటిన టైరును నమ్మరాదు.

ఎలుకల సంగతి చెప్పుటకు సిగ్గుగా నున్నది. షెడ్డులో ధాన్యపు బస్తాలు పెట్టినది మేమే. అవి గాలి ఫిల్టరులో గూడుకట్టి, దీపముల తీగలు కొఱికినవి. ఇప్పుడు బస్తాలు వేఱుచోటికి పోయినవి. సైలెన్సరు మూతికి సన్నని తీగవల కట్టి, మఱచిపోకుండుటకై స్టీరింగుకు ఎఱ్ఱ రిబ్బను ముడివేయుచున్నాను. వల తీసినగాని రిబ్బను విప్పరాదని పిల్లలకు గూడ తెలియును.

కాగితములను గూడ చూచుకొనవలెను. సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లు. పిమ్మట అయిదేండ్లకొకమాఱు బండిని చూపించి మార్పించుకొనవలయును. ఏబదియేండ్లు దాటిన బండ్లకు 2021లో వేఱు నిబంధనలు వచ్చినవి. ఆ తరగతిలో చేర్పించినచో నిత్యము రోడ్డుమీద నడుపుటకు వీలులేదు. మా బండికి ఏబదియేండ్లు 2028లో నిండును. ఆ తరగతికి పోవలయునా, అయిదేండ్లకొకమాఱు మార్పించుకొనుచుండవలయునా యను చర్చ ఇప్పుడు పండుగలలో జరుగుచున్నది.

గడచిన సంక్రాంతికి కారు తీసితిమి. గేటు దాటకముందే నేను ముందు సీటులో కూర్చుండి, పెడలును బలముకొలది త్రొక్కి అరవైవఱకు లెక్కించితిని, అది దిగలేదు. బండి క్రింద దీపమువేసి నాలుగు చక్రముల లోపలివైపును చూచితిని. తడి లేదు. అప్పుడు పెరటిలోనే రెండుమాఱులు నడిపించి ఆపించితిని. అత్తగారు అంతసేపును అరుగుమీద చేతికఱ్ఱతో నిలిచియుండిరి. “గట్టిగానే ఉందండీ అత్తయ్యగారూ” అని నేను చెప్పిన పిమ్మటగాని ఆమె మెట్లు దిగలేదు.