డప్పు దించిన చేతులు

గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, మార్కాపురం ప్రాంతం మీదుగా తూర్పుకు సాగిపోతుంది. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద ఆ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు. ఈ అంకె చాలామందికి తెలుసు. దానికి ముందు పన్నెండేళ్లలో ఆ పల్లెలు ఏం పోగొట్టుకున్నాయో చెప్పేవాళ్లు తక్కువ.

కథ ఒంగోలుకు పడమర, తాళ్లకొండపాడులో మొదలైంది. అక్కడి యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి, మాదిగ. 1866లో క్రైస్తవుడయ్యాడు. ఆ ఏడాదే ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, 1867లో ఆ ఊరెళ్లి 28 మందికి బాప్తిస్మమిచ్చారు. నియమాలు మూడే... ఆదివారం పని చేయకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు.

ఇంతేనా అనిపిస్తుంది. ఆనాటి ఊళ్లో నిలబడి చూడండి. చచ్చిన గొడ్డు మాదిగల వాటా. బదులుగా రైతుకు చెప్పులు కుట్టాలి, మోటకు తోలుబాన కట్టాలి, జాతరలో డప్పు కొట్టాలి. కళ్లం దగ్గర నాలుగు గింజలు దక్కేది ఈ చాకిరీతోనే. డప్పు మానితే గ్రామదేవతకు కోపమొస్తుందని ఊరికి భయం. కోతల్లో ఆదివారం రామంటే రైతుకు మంట. ఇక కరణం, మునసబు ఊరుకుంటారా? బావి దగ్గరికి రానివ్వలేదు. తప్పుడు నేరాలు మోపి జైలుకూ పంపారు. వానలు తక్కువైన ఈ నేలలో ఆ మాంసం వదలడమంటే కూడు వదులుకోవడమే.

దొరల త్యాగం మీద పుస్తకాలున్నాయి. కాదనలేం. కానీ క్లౌ వెనక అమెరికాలో ఓ మిషన్ సంఘం ఉంది. పేరయ్య మనుషుల వెనక ఉన్నది ఆ కళ్లమొక్కటే!

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చూశారు. గింజల కోసం మారారన్న మాట పడకూడదని 15 నెలలు బాప్తిస్మాలు ఆపేశారు. వెల్లంపల్లివి ఆ విరామం తర్వాతివే. ఆ మాట మాత్రం తప్పలేదు, ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

లెక్క అక్కడితో తీరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు బీసీ-సి. ఆ గ్రూపుకు రిజర్వేషన్ ఒక్క శాతం. మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో చదువుకున్న పిల్లలు దరఖాస్తులో మతం గడి దగ్గర కలం ఆపేది అందుకే.