చక్రం కదిలితేనే జీతం!

విమానం నడిపేవారంటే నెల తిరిగేసరికి మూటలకొద్దీ డబ్బు అందుకునే దొరబాబులని మన పల్లెల్లో అనుకుంటారు. అమెరికాలో చిన్న పట్టణాలకు తిరిగే ప్రాంతీయ విమానాల పైలట్ల సంగతి చాలాకాలం అలా లేదు. వారిది గంటల లెక్క జీతం. విమానం బ్రేకు వదిలి కదిలినప్పుడు గంట మొదలవుతుంది. చేరిన చోట బ్రేకు వేయగానే ఆగిపోతుంది.

లెక్కకు రాని గంటలు

తెల్లవారుజామున విమానాశ్రయం చేరడం, విమానాన్ని పరీక్షించడం, మంచు కురిస్తే ప్రయాణికులు ఎక్కకముందు గంటల తరబడి కాచుకోవడం ఈ లెక్కలోకి రావు. గంటేసి ప్రయాణాలు నాలుగు చేస్తే డ్యూటీ పది, పన్నెండు గంటలు పట్టవచ్చు. ఎగిరింది నాలుగు గంటలే. అందుకే రోజుకు కనీసం ఇన్ని గంటలకు జీతం ఇవ్వాలని యూనియన్లు ఒప్పందాలు రాయించుకున్నాయి. నెలకు సుమారు 75 గంటల గ్యారంటీ ఉంటుంది. 2000 దశకంలో కొత్త కోపైలట్‌కు గంటకు 20 డాలర్ల పైచిలుకే దక్కేది. 20 డాలర్ల చొప్పున 75 గంటలకు నెలకు 1,500 డాలర్లు!

డ్యూటీలు కోరుకునే హక్కు సీనియర్లకే ముందు. మంచి ట్రిప్పులు వారు తీసుకోగా మిగిలిన రాత్రి డ్యూటీలు, పండుగ డ్యూటీలు జూనియర్ల పాలు. కొందరు ఫోను పక్కన పెట్టుకుని పిలుపు కోసం కాచుకోవలసిందే.

యాభై ప్రాణాలు

2009 ఫిబ్రవరి 12న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ నడుపుతున్న విమానం కూలింది. విమానంలోని 49 మంది, నేల మీద ఇంట్లో ఉన్న ఒకరు మరణించారు. వేగం తగ్గి హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ పొరపాటుగా స్పందించడమే ప్రధాన కారణమని దర్యాప్తులో తేలింది. అయితే కోపైలట్ దేశానికి ఆ చివరనున్న సియాటిల్ ప్రాంతం నుంచి రాత్రంతా ప్రయాణించి డ్యూటీకి వచ్చారన్న సంగతి బయటపడింది. అలసట, చాలీచాలని జీతాలు అక్కడ పెద్ద చర్చకు వచ్చాయి.

మృతుల కుటుంబాలు పట్టుబట్టగా 2010లో చట్టం వచ్చింది. 2013 నుంచి కోపైలట్‌కు సాధారణంగా 1,500 గంటల అనుభవం తప్పనిసరి అయింది. 2014 జనవరి నుంచి డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతి ఇవ్వాలి. ఏడాదికి 1,000 గంటలు మించి ఎగరరాదు. పైలట్లు దొరకడం కష్టమయ్యేసరికి 2022లో కొన్ని ప్రాంతీయ కంపెనీలు కొత్తవారికి గంటకు 90 డాలర్లు ప్రకటించాయి.

మన దేశంలోనూ పైలట్ల వారపు విశ్రాంతిని 2025 జూలై 1 నుంచి 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు. కడప, రాజమండ్రి విమానాలు ఎక్కుతున్న మన జిల్లాల వారికి ఇది సంబంధం లేని విషయం కాదు. రాత్రి బస్సు ఎక్కేటప్పుడు డ్రైవరుకు నిద్ర ఉందో లేదో చూసుకుంటాం. విమానంలో ఆ వీలు లేదు. ఆ పని నిబంధనలే చేయాలి.