‘నో’కు ‘ఇంగ్’ ఎందుకు అతకదు?

● తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు ఎక్కువగా స్థిరపడింది షోలాపూర్ తూర్పు పేటల్లో. అక్కడి నేతింటి పిల్లలకు ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. చుట్టుపక్కల కన్నడం, ఉర్దూ. బడిలో వీటికి ఇంగ్లీషు తోడవుతుంది.

● ఆ ఇంగ్లీషులోని ఒక చిక్కును ఈ పిల్లలకు మగ్గం ఉదాహరణలతోనే చెప్పొచ్చు. ఇంగ్లీషు క్రియల్లో కొన్ని పనిని చెబుతాయి, కొన్ని స్థితిని. దుప్పటి నేయడం పని కాబట్టి ‘హి ఈజ్ వీవింగ్’ అంటారు. నాలుగు మగ్గాలు సొంతంగా ఉండడం స్థితి. అందుకే ‘హి ఓన్స్ ఫోర్ లూమ్స్’ అనాలి, ‘ఓనింగ్’ కుదరదు. ‘నో’ (know), అంటే తెలిసి ఉండడం, కూడా స్థితే; దానికీ ‘ఇంగ్’ అతకదు.

● కొన్ని క్రియలు రెండు వైపులా ఉంటాయి. దుప్పటి రెండు కిలోలుంటే ‘ద చద్దర్ వెయ్స్ టూ కిలోస్’. దాన్ని తూకం వేస్తుంటే ‘హి ఈజ్ వెయింగ్ ద చద్దర్’. టవల్ మెత్తగా ఉంటే ‘ఇట్ ఫీల్స్ సాఫ్ట్’. కొనే ఆమె దాన్ని తడిమి చూస్తుంటే ‘షి ఈజ్ ఫీలింగ్ ద టవల్’.

● ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’ సరైన వాక్యమే, ఎందుకంటే భోంచేయడం పని. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ మాత్రం వ్యాకరణ పుస్తకాలు ఒప్పుకోవు. మన దేశంలో అది తరచూ వినబడుతుంది. బొంబాయి కవి నిస్సిమ్ ఎజెకీల్ ఇలాంటి భారతీయ ఇంగ్లీషులోనే కొన్ని కవితలు రాశారు.

● తత్త్వవేత్త జెనో వెండ్లర్ 1957లో క్రియలను నాలుగు రకాలుగా విడదీశారు. వాటిని నేతపనిలోనే చూడొచ్చు: మగ్గం ఉండడం స్థితి, నూలు వడకడం సాగుతూ పోయే పని, ఒక దుప్పటి నేయడం ముగింపున్న పని, పోగు తెగడం క్షణంలో జరిగేది.

● నియమాన్ని కావాలనే దాటేవారూ ఉన్నారు. మెక్‌డొనాల్డ్స్ 2003లో ‘ఐయామ్ లవిన్ ఇట్’ అంది. ‘లవ్’ స్థితి క్రియే అయినా, ‘ఇన్’ తగిలేసరికి ఇప్పుడే తింటూ ఆనందిస్తున్నట్టు వినిపిస్తుంది.

● ఈ తేడా తెలుగులోనూ ఉంది. ‘తెలుసు’, ‘కావాలి’, ‘చాలు’ అనే మాటలకు ‘తున్నా’ చేరదు. ‘తెలుసుకుంటున్నాను’ అంటే అది పని. అయితే మనం ‘నమ్ముతున్నాను’, ‘ప్రేమిస్తున్నాను’ అంటాం. ఇంగ్లీషులో మాత్రం ‘ఐ బిలీవ్’, ‘ఐ లవ్’ అనాలి.

● కాబట్టి ‘ఐ యామ్ బిలీవింగ్’ అన్న పిల్లవాణ్ని కసరకండి. వాడు అమ్మభాషలోని ‘తున్నా’ను నమ్ముకుని ఆ మాట అన్నాడు. ‘తెలుసు’ నుంచి మొదలుపెట్టి, మన ‘తున్నా’కూ ఇంగ్లీషు ‘ఇంగ్’కూ పొత్తు కుదరని క్రియలను మగ్గం పనులతోనే చూపిస్తే, నియమాన్ని బట్టీ పట్టాల్సిన అవసరం తగ్గుతుంది.