ఈ సైకిలు ఎవరిది?

నిజామాబాదు బస్సుస్టాండులో బోధన్ బస్సు కోసం నిలబడ్డప్పుడల్లా నా చూపు గోడవార సైకిళ్ల మీదికే పోతుంది. మా చెరకుసీమలో సైకిలును శంకించేదెవరు? ఆ నమ్మకాన్నే హంతకులు వాడుకున్నారు.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లో, 107 నంబరు బస్సుస్టాపు వద్దా, ఏ-వన్ మిర్చి సెంటరు వద్దా, సైకిళ్లపై పెట్టిన బాంబులు కొద్ది క్షణాల తేడాతో పేలాయి. ఇళ్లకు చేరవలసిన వాళ్లలో కనీసం 17 మంది ప్రాణాలు పోయాయి. 100 మందికి పైగా గాయపడ్డారు.

2016లో ప్రత్యేక న్యాయస్థానం ఐదుగురికి ఉరిశిక్ష విధించింది. 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని ఖాయపరచింది. తీర్పుకు పన్నెండేళ్లు పట్టింది. ‘‘ఇది ఎవరిదండీ?’’ అని అడగడానికి క్షణం చాలును. బదులు రాకపోతే ముట్టుకోకండి. పిల్లలతో దూరంగా జరిగి పోలీసులకు చెప్పండి. పల్లెలో పరాయి వస్తువు కనబడితే మన పెద్దలు ఊరంతా ఆరా తీసేవారు. ఆ అలవాటును బస్సుస్టాండుకూ తెచ్చుకుందాం.