చదరంగమున గెలిచి, న్యాయవాదమున నోడినవాడు

పాల్ మార్ఫీ న్యాయవాది కాగోరినవాడని మన వకీలు మిత్రులలో నెందఱెఱుగుదురో! 1837లో న్యూ ఆర్లియన్సున జన్మించిన యీతడు లూసియానా సుప్రీముకోర్టు న్యాయమూర్తి కుమారుడు. 1857లో న్యాయశాస్త్ర పట్టము పుచ్చుకొనెను గాని, వయస్సు చాలమిచే వ్యాజ్యములు చేపట్ట వీలు లేకపోయెను. ఆ విరామముననే న్యూయార్కు చదరంగ పోటీలో ప్రథముడయ్యెను. మఱుసటియేట ఐరోపాకేగి, పారిసులో జర్మను దిట్ట ఆండర్సెనును ఓడించెను: ఏడు గెలుపులు, రెండు ఓటములు, రెండు సమములు. ఇంగ్లండున స్టాంటను మాత్రము ఆతనితో పోటీకి కూర్చుండనేలేదు. ఆయన చెప్పిన సాకులను మేమంగీకరింపజాలము.

1859లో స్వదేశమునకు మరలిన పిమ్మట మార్ఫీ ఆటను దాదాపు విడిచెను. అంతర్యుద్ధానంతరము న్యాయవాద వృత్తికి ఆఫీసు తెఱచెను. వచ్చినవారు దావా సంగతి విడిచి చదరంగము ముచ్చట తీసిరి. ఆఫీసు నిలువలేదు. 1884లో మరణించునాటికి ఆతని వయస్సు 47.