నానో మందు: గుండెను కాచింది, అరచేతిని కాల్చింది

కేన్సర్ చికిత్సలో నానో టెక్నాలజీ గురించి మనం చదివే వార్తలు చాలావరకు రేపటి గురించే. త్వరలో వస్తుందట, కణితి ఒక్కదాన్నే వెతికి కొడుతుందట. నిజానికి మొదటి నానో కేన్సర్ మందుకు అమెరికాలో 1995లోనే అనుమతి దొరికింది. దాని పేరు డాక్సిల్. ముప్పై ఏళ్లుగా రోగులకు ఎక్కిస్తున్న మందు గనక జోస్యాలతో పనిలేదు. అది ఏం చేసింది, ఏం చేయలేకపోయింది, కొత్తగా ఏం తెచ్చిపెట్టింది అన్నవి నింపాదిగా చూసుకోవచ్చు.

మామూలు కీమో ఉండగా ఇదెందుకు?

డాక్సిల్‌లో ఉన్న అసలు మందు పాతదే. డాక్సోరూబిసిన్ అంటారు. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా నుంచి తీసిన ఎర్రటి మందు. రొమ్ము కేన్సర్, లింఫోమా, సార్కోమా వంటి జబ్బుల్లో బాగా పనిచేస్తుంది. కణంలోని డీఎన్‌ఏలో ఇరుక్కుని, కణం రెండుగా చీలకుండా అడ్డుపడుతుంది.

చిక్కేమిటంటే, డ్రిప్‌లో ఎక్కించిన నిమిషాల్లోనే ఇది రక్తాన్ని వదిలి ఒళ్లంతా పాకుతుంది. ఎముక మజ్జకు తగిలితే తెల్లకణాలు పడిపోతాయి. నోరు పూస్తుంది, జుట్టు రాలుతుంది. ఇవన్నీ కొన్నాళ్లకు సర్దుకుంటాయి. గుండె సంగతి అలా కాదు. గుండె కండర కణాలు ఒకసారి పోతే దాదాపు తిరిగి పుట్టవు. అందుకే ఒక మనిషికి జీవితం మొత్తం మీద ఎంత డాక్సోరూబిసిన్ ఇవ్వవచ్చో ఒక హద్దు పెట్టుకున్నారు. ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 450 నుంచి 550 మిల్లీగ్రాములు. కీమో మొదలుపెట్టే ముందు, మధ్యలో ఎకో తీయించమనేది ఇందుకే. మందు పనిచేస్తున్నా, గుండె కోసం ఆపేయాల్సిన పరిస్థితి వస్తుంది.

మరి గుండెలోకి పోకుండా ఎలా ఆపారు?

మందును కొవ్వు పొరతో చేసిన బుల్లి గోళంలో పెట్టారు. దీన్ని లైపోసోమ్ అంటారు. మన కణాల చుట్టూ ఉండే పొర ఎలాంటి పదార్థంతో తయారవుతుందో, ఇదీ అలాంటి పదార్థమే. వెడల్పు 100 నానోమీటర్లకు అటూ ఇటూ. ఒక్క ఎర్ర రక్తకణం వెడల్పులో ఇలాంటివి 70 దాకా వరసగా పడతాయి.

ఈ కొలత ఎంచుకోవడానికి కారణం ఉంది. ఐదారు నానోమీటర్ల కంటే చిన్నదైతే కిడ్నీలు వడగట్టి మూత్రంలో పంపేస్తాయి. 200 దాటితే ప్లీహం పట్టేసుకుంటుంది. ఈ రెంటికీ మధ్య ఉంటే రక్తంలో చాలాసేపు తిరగగలదు. గుండెలోని సన్నటి రక్తనాళాల గోడలు బిగుతుగా ఉంటాయి గనక ఆ సైజు గోళం వాటిని దాటి కండరంలోకి అంత తేలిగ్గా పోలేదు. గుండెకు దొరికిన రక్షణ ఇదే.

లోపల మందు ఎలా నింపుతారు?

జెరూసలేంలో ఎహెజ్కెల్ బారెన్‌హోల్జ్, అల్బెర్తో గాబిజోన్ పనిచేసి సాధించిన ఉపాయం ఇది. ముందు గోళాల లోపల అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం ఉండేలా తయారుచేస్తారు. తర్వాత బయట డాక్సోరూబిసిన్ కలుపుతారు. విద్యుదావేశం లేని రూపంలో ఉన్న మందు కొవ్వు పొరను దాటి లోపలికి వెళ్తుంది. అక్కడ దానికి ఆవేశం వస్తుంది, సల్ఫేట్‌తో కలిసి స్ఫటికంగా గడ్డకడుతుంది. ఇక వచ్చిన దారిన వెనక్కి పోలేదు. ఇలా ఒక్కో గోళంలో 10 వేలకు పైగా మందు అణువులు చేరతాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే గోళం మధ్యలో ఆ స్ఫటికం కాఫీ గింజ మీది గీతలా కనిపిస్తుంది.

పైన ఇంకో పూత ఉంటుంది. పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థపు పోగులు గోళం చుట్టూ నీటిని పట్టి ఉంచుతాయి. దాంతో రక్తంలోని ప్రొటీన్లు త్వరగా అంటుకోవు, లివర్‌లో కాపలా కాసే కణాలు వెంటనే పసిగట్టవు. అందుకే ఈ మందు రెండు రోజులకు పైగా రక్తంలో తిరుగుతూ ఉంటుంది.

కణితి దగ్గరే ఎందుకు దిగుతుంది?

1986లో జపాన్‌లోని కుమమోటో విశ్వవిద్యాలయంలో హిరోషి మయెదా, యసుహిరో మత్సుమురా ఒక సంగతి గమనించారు. హడావిడిగా పెరిగే కణితిలో రక్తనాళాలు సరిగ్గా అల్లుకోవు. గోడల్లో సందులుంటాయి. పైగా అక్కడ చేరినదాన్ని బయటికి తోడే లింఫ్ నాళాలూ సరిగ్గా ఉండవు. కాబట్టి పెద్ద అణువులు కణితిలోకి కారి, అక్కడే నిలిచిపోతాయి. నానో వైద్యం చాలాకాలం ఈ ఒక్క సూత్రం మీదే నడిచింది.

అయితే ఈ సూత్రం ఎలుకల్లో పనిచేసినంత బాగా మనుషుల్లో పనిచేయలేదు. ఎలుకలో కణితి వారాల్లో ఎదుగుతుంది, మనిషిలో ఏళ్లు పడుతుంది. సందులు ఒక రోగిలో ఉంటాయి, ఇంకొకరిలో ఉండవు. ఒకే మనిషిలోని రెండు కణితుల మధ్యా తేడా ఉంటుంది. 2016లో టొరంటో విశ్వవిద్యాలయంలోని వారెన్ చాన్ బృందం పదేళ్ల పరిశోధనలను కుప్పపోసి లెక్క తీసింది. జంతువుల మీద చేసిన ఆ ప్రయోగాల్లో సగానికి సగం, ఎక్కించిన నానో కణాల్లో 0.7 శాతానికి మించి కణితికి చేరలేదు. మిగతాదాంట్లో చాలా భాగం లివర్, ప్లీహం పాలు. 2020లో అదే బృందం ఇంకో మాట చెప్పింది. కణితిలోకి చేరిన నానో కణాల్లో 97 శాతం దాకా సందుల్లోంచి కాకుండా, రక్తనాళాల గోడ కణాలే వాటిని పట్టి లోపలికి పంపడం వల్ల వెళ్లాయని. వెళ్లే దారే వేరైతే, నానో కణాన్ని తయారుచేసే పద్ధతినీ తిరిగి ఆలోచించుకోవాలి.

అయితే రోగికి దక్కిందేమిటి?

దీనికి 2004లో వెలువడిన ఒక ట్రయల్ సూటిగా జవాబు చెబుతుంది. రొమ్ము కేన్సర్ ఇతర భాగాలకు పాకిన 509 మంది స్త్రీలలో కొందరికి మామూలు డాక్సోరూబిసిన్, కొందరికి లైపోసోమ్‌లో పెట్టిన డాక్సోరూబిసిన్ ఇచ్చారు. ఆయుష్షులో తేడా రాలేదు. నానో మందు వాడినవాళ్లు మధ్యస్థంగా 21 నెలలు, మామూలు మందు వాడినవాళ్లు 22 నెలలు బతికారు. గుండె దగ్గర మాత్రం తేడా పెద్దది. మామూలు మందు వాడినవాళ్లలో గుండె దెబ్బతినే ముప్పు మూడు రెట్లు ఎక్కువ. జుట్టు రాలడం 66 శాతం నుంచి 20కి తగ్గింది. వికారం 53 నుంచి 37కి దిగింది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి, మండి, తోలు ఊడే ఇబ్బంది మామూలు మందుతో 2 శాతం మందికే వచ్చింది. నానో మందుతో 48 శాతానికి పాకింది. నోటి పుండ్లు కూడా 15 నుంచి 22 శాతానికి పెరిగాయి.

కారణం మందు ఒంట్లో తిరిగే తీరులోనే ఉంది. రోజుల తరబడి రక్తంలో ఉండే గోళాలు ఒత్తిడి, రాపిడి, వేడి తగిలే చోట సన్ననాళాల్లోంచి కారతాయి. చెమటతో పాటు మందు చర్మం మీదికి చేరుతుందనీ గుర్తించారు. అరచేతుల్లో, అరికాళ్లలో చెమట గ్రంథులు ఎక్కువ. అందుకే మందు ఎక్కించాక కొన్ని రోజులు వేడినీళ్ల స్నానం వద్దంటారు. బిగుతు చెప్పులు వేసుకోవద్దని, బట్టలు బాది ఉతకడం, వేడి గిన్నెలు పట్టుకోవడం లాంటివి మానమని చెబుతారు. అశ్రద్ధ చేస్తే ముద్ద కలుపుకోవడం కూడా కష్టమయ్యేంత పుండవుతుంది.

ఇంకో ప్రమాదం మొదటి డోసులో ఉంది. దాదాపు 11 శాతం మందికి డ్రిప్ మొదలైన కాసేపటికే ముఖం ఎర్రబడటం, ఆయాసం, ఛాతీ పట్టేయడం వస్తాయి. రోగనిరోధక వ్యవస్థ ఆ గోళాలను బయటి శత్రువులుగా లెక్కవేయడం ఇందుకు కారణం. కాబట్టి నర్సు మొదట నిమిషానికి ఒక్క మిల్లీగ్రాము చొప్పునే వదులుతుంది. ఒంట్లో ఏ తేడా అనిపించినా వెంటనే చెప్పాలి, ఓర్చుకుని కూర్చోకూడదు. ఆపితే చాలామందిలో తగ్గిపోతుంది.

నానో మందులన్నీ ఇంతేనా?

కావు. పాక్లిటాక్సెల్ నీటిలో కరగదు. దాన్ని కరిగించడానికి ఆముదం నుంచి చేసిన ద్రావకం వాడేవారు, అది తీవ్రమైన అలర్జీలు తెచ్చేది. 2005లో వచ్చిన అబ్రాక్సేన్‌లో ఆ ద్రావకం లేకుండా, రక్తంలో ఉండే ఆల్బుమిన్ ప్రొటీన్‌కే మందును జోడించారు. ఆయుష్షు పెంచినవీ ఉన్నాయి. 2017లో అనుమతి పొందిన వైక్సియోస్‌లో రెండు మందులు 5:1 నిష్పత్తిలో ఒకే గోళంలో ఉంటాయి. 60 నుంచి 75 ఏళ్ల వయసులో ఒక రకం తీవ్ర రక్త కేన్సర్ వచ్చినవారిలో మధ్యస్థ ఆయుష్షు సుమారు 6 నెలల నుంచి తొమ్మిదిన్నర నెలలకు పెరిగింది.

కొవ్వు, ప్రొటీన్ ఒంట్లో అరిగిపోతాయి. బంగారం, సిలికా లాంటివాటితో చేసే నానో కణాల సంగతి వేరు. బంగారు కణాలు లివర్‌లో చాలాకాలం ఉండిపోతాయి. టైటానియం డయాక్సైడ్, సిలికా, బంగారం నానో కణాలు రక్తనాళాల గోడలను వదులు చేసి కేన్సర్ పాకడానికి దారి ఇవ్వగలవని 2019లో సింగపూర్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించారు. మనుషుల్లో అలా జరిగిందని కాదు. జాగ్రత్తగా పరీక్షించకుండా వదలకూడదని.

మన దగ్గర దొరుకుతాయా?

దొరుకుతాయి. 2011లో అమెరికాలో డాక్సిల్‌కు కొరత వచ్చినప్పుడు, 2012లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ భారత్ నుంచి సన్ ఫార్మా వారి లిపోడాక్స్ దిగుమతికి అనుమతించింది. 2013లో అదే సంస్థ ఆ కంపెనీ జెనరిక్‌ను ఆమోదించింది. హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మా ఆల్బుమిన్ జోడించిన పాక్లిటాక్సెల్‌ను ఆల్బుపాక్స్ పేరుతో తెచ్చింది. అయితే వీటికి జెనరిక్ చేయడం మామూలు మాత్రకు చేసినంత సులువు కాదు. అసలు మందు ఒకటే అయితే చాలదు. గోళం సైజు, పూత, లోపలి స్ఫటికం కూడా సరిపోవాలి. నానో మందులను ఎలా పరీక్షించాలో మన దేశంలో 2019లో మార్గదర్శకాలు వచ్చాయి. "నానో" అని లేబుల్ అంటించి అమ్మే పొడులకు, టానిక్కులకు ఈ మందులతో సంబంధం లేదు.

డాక్టరును ఏమడగాలి?

నాలుగు ప్రశ్నలు చాలు. నా కేన్సర్‌లో ఈ మందు ఆయుష్షు పెంచుతుందా, లేక ఇబ్బందులు తగ్గిస్తుందా? ఏ అవయవాన్ని కాపాడుతుంది, ఏ అవయవం మీద పడుతుంది? మామూలు మందుతో పోలిస్తే ఖర్చెంత, ఆరోగ్యశ్రీలోనో ఇన్సూరెన్సులోనో వస్తుందా? మధ్యలో మందు మార్చాల్సి వస్తే డోసు లెక్క ఎలా? ఈ చివరి ప్రశ్నను చిన్నదనుకోవద్దు. లైపోసోమ్ డాక్సోరూబిసిన్, మామూలు డాక్సోరూబిసిన్ మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము మార్చుకునేవి కావు.

జవాబు మనిషిని బట్టి ఉంటుంది. ఇప్పటికే గుండె బలహీనపడిన అరవై ఏళ్ల మనిషికి అరచేతి మంట ఒప్పుకోదగిన బేరమే. గుండె గట్టిగా ఉండి, కుట్టుమిషన్ మీదో మగ్గం మీదో బతికే మనిషికి అదే బేరం గిట్టకపోవచ్చు. ఆ సంగతి డాక్టరుకు ఫైలు చూస్తే తెలియదు. మీరే చెప్పాలి.