తెలియదండీ: ఇంగ్లీషులో ఆ ‘అండీ’ ఎక్కడుంది?

హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో ఎవరినైనా ఆపి దారి అడగండి. తెలిసినవాళ్లు ఏ భాషవాళ్లయినా చెయ్యి చాపి చూపించేస్తారు. తెలియనివాళ్ల జవాబుల్లోనే రకాలుంటాయి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డావిడ ‘తెలియదండీ’ అంటుంది. నల్గొండ నుంచి పని మీద వచ్చినాయన ‘నాకెర్క లేదన్నా’ అంటాడు. చిరాగ్ అలీ లేన్ దుకాణంలో కుర్రవాడు ‘మాలూం నై భాయ్’ అంటాడు. ముగ్గురూ లేదనే చెప్పారు, ముగ్గురూ మర్యాదగానే చెప్పారు. ఆ మర్యాదంతా మాట చివరన ఉంది: అండీ, అన్నా, భాయ్.

అదే మనుషులను ఒక విదేశీ యాత్రికుడు ఇంగ్లీషులో అడిగితే చాలాసార్లు ‘ఐ డోంట్ నో’ అన్న మూడు ముక్కలే వస్తాయి. వ్యాకరణంలో తప్పేమీ లేదు. అయినా విన్నవాడికి తలుపు వేసేసినట్టుంటుంది. చెప్పినవాడి మనసులో ‘అండీ’ ఉంది, నోటిదాకా రాలేదంతే. ఇంగ్లీషులో క్రియ చివర అతికించడానికి అలాంటి ముక్క లేదు. ‘సర్’ అనో ‘మేడమ్’ అనో తగిలించవచ్చు, మన దగ్గర తగిలిస్తాం కూడా. కానీ తోటివాళ్ల మధ్య మాటల్లో ప్రతిసారీ అది కుదరదు. అందుకే ఇంగ్లీషు ఆ మర్యాదను వాక్యానికి ముందూ వెనకా పెట్టుకుంటుంది. ముందు ‘సారీ’ అనో ‘ఐయామ్ అఫ్రెయిడ్’ అనో వస్తుంది. ఇక్కడ ‘అఫ్రెయిడ్’ అంటే భయపడుతున్నానని కాదు, చెప్పలేకపోతున్నందుకు నొచ్చుకుంటున్నానని. వెనక ఒక కారణమో, చిన్న సాయమో వస్తుంది. ‘సారీ, ఐ డోంట్ నో. ఐయామ్ న్యూ హియర్’ అంటే కారణం చెప్పినట్టు. ‘ఐయామ్ అఫ్రెయిడ్ ఐ డోంట్ నో, బట్ యు కుడ్ ఆస్క్ అట్ ది బ్యాంక్’ అంటే దారి చూపినట్టు. ఇంగ్లీషు నేర్చుకునేవారికి నేను మొదట చెప్పే మాట ఇదే: ‘ఐ డోంట్ నో’ దగ్గర ఆగిపోకండి, దాని పక్కన ఇంకో చిన్న వాక్యం పెట్టండి. మన ‘అండీ’ చేసే పని అక్కడ ఆ వాక్యం చేస్తుంది.

తెలియకపోవడంలో మెట్లున్నాయి. ఏ మెట్టు మీదున్నామో చెప్పడం రెండో సంగతి. గన్‌ఫౌండ్రీ కథనే తీసుకుందాం. నిజాం అలీ ఖాన్ కాలంలో, 1786లో, ఆయన కొలువులో ఉన్న రేమండ్ అనే ఫ్రెంచి సేనాని ఫిరంగులు పోత పోయడానికి ఇక్కడ ఒక కార్ఖానా పెట్టించాడు. ఊరివాళ్లు దాన్ని తోప్ కా సాంచా అన్నారు, ఇంగ్లీషువాళ్ల నోట గన్‌ఫౌండ్రీ అయింది. ఫతే మైదాన్‌కు దగ్గర్లో దాని శిథిలం ఇప్పటికీ ఉంది. రేమండ్ 1798లో పోయాడు. మూసారాంబాగ్ పేరు ఆయన మీదుగా వచ్చిందే.

ఒక యాత్రికుడు ఆ గోడల ముందు నిలబడి ‘హూ బిల్ట్ దిస్?’ అని అడిగాడనుకోండి. అసలు ఆ ఊసే ఎరగనివారు ‘సారీ, ఐ హ్యావ్ నో ఐడియా’ అనాలి. అంటే అంచనా కూడా లేదని. ఎవరో తెల్లవాడని ఎప్పుడో విన్నవారు ‘ఐయామ్ నాట్ షూర్, బట్ ఐ థింక్ ఇట్ వాజ్ ఎ ఫ్రెంచ్‌మన్’ అనాలి. అంటే కొంత తెలుసు, పూచీ పడలేను. పేరు తెలిసి ఏడాది తెలియనివారు ‘ఎ మ్యాన్ కాల్డ్ రేమండ్, బట్ ఐ డోంట్ నో ఎగ్జాక్ట్‌లీ వెన్’ అంటే సరిపోతుంది. ఎంతవరకు తెలుసో అంతవరకు చెప్పి, మిగిలినది వేరు చేసి చూపారన్నమాట. ‘లోపలికి టికెట్ ఉందా?’ అని ఆయన అడిగితే, మీరు ఎన్నడూ వినలేదనుకోండి, ‘నాట్ దట్ ఐ నో ఆఫ్’ అనవచ్చు. నాకు తెలిసి లేదు అని దానర్థం. ‘నో’ అని కొట్టేయడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

తెలుగులో ఈ మెట్లన్నీ ‘ఏమో’ ఒక్కటే మోస్తుంది. ‘ఏమో’ అని భుజం ఎగరేస్తే అసలు తెలియదని, ‘ఏమో, ఫ్రెంచివాడనుకుంటా’ అంటే సందేహమని, ‘ఏమోలే’ అంటే ఆ మాట వదిలెయ్యమని. దక్కనీలో ‘క్యా మాలూం’ కూడా ఇంతే. గొంతు మార్చి మనం చెప్పేదాన్ని ఇంగ్లీషులో మాట మార్చి చెప్పాలి. ‘ఏమో’కు ఇంగ్లీషు మాటేదని పిల్లలు అడిగితే ఒక్క మాట ఇచ్చి పంపేయకూడదు. ‘ఏ ఏమో?’ అని తిరిగి అడగాలి.

ఇక వ్యాకరణం. మనవాళ్ల వాక్యం ఎక్కువగా జారేది ఒక చోట ఉంది, అక్కడ కాస్త నిదానిద్దాం. ‘బ్యాంకు ఎక్కడుంది?’ అనేది ప్రశ్న. దాన్ని ‘తెలియదు’లో కలపాలంటే మనం చేసేది చాలా చిన్న పని. చివర ‘ఓ’ చేరుస్తాం: ‘బ్యాంకు ఎక్కడుందో తెలియదు’. మాటల వరస మారదు. ఆ అలవాటుతోనే ఇంగ్లీషు ప్రశ్నను కూడా ఉన్నదున్నట్టు తెచ్చి అతికిస్తాం: ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ ది బ్యాంక్’. ఇది తప్పు. ఇంగ్లీషుకు ‘ఓ’ లాంటి ప్రత్యయం లేదు, ప్రశ్నను ప్రశ్నగా నిలబెట్టేది మాటల వరసే. ‘ఈజ్’ ముందుకు జరిగితే ప్రశ్న, వెనక్కి వెళితే మామూలు మాట. ‘ఐ డోంట్ నో’లో చేరగానే అది ప్రశ్నగా ఉండదు కనుక ‘ఈజ్’ తన చోటికి తిరిగి వెళ్లాలి: ‘ఐ డోంట్ నో వేర్ ది బ్యాంక్ ఈజ్’.

‘డు, డజ్, డిడ్’ ఉన్న ప్రశ్నల్లో ఇంకో అడుగు ఉంది. ‘వెన్ డిడ్ హి కమ్?’ను కలపాలంటే ‘డిడ్’ పూర్తిగా తప్పుకుంటుంది. తప్పుకుంటూ తన భూతకాలాన్ని క్రియకు ఇచ్చి పోతుంది: ‘ఐ డోంట్ నో వెన్ హి కేమ్’. ‘ఎప్పుడు, ఎక్కడ, ఎవరు’ వంటి మాటలేవీ లేని ప్రశ్నలు కూడా ఉంటాయి. ‘వచ్చాడా?’ అన్నది అలాంటిదే. తెలుగులో ‘వచ్చాడో లేదో తెలియదు’ అంటాం. ఇంగ్లీషులో ఆ ‘ఓ లేదో’ చేసే పని ‘ఇఫ్’ గాని ‘వెదర్’ గాని చేస్తుంది: ‘ఐ డోంట్ నో ఇఫ్ హి కేమ్’. ‘ఏం చేయాలో తెలియదు’లో ఉన్న ‘చేయాలో’ దగ్గర ఇంగ్లీషు ఇంకా పొదుపుగా ఉంటుంది: ‘ఐ డోంట్ నో వాట్ టు డు’. ఈ నాలుగు నమూనాలు నోటికి పట్టేదాకా రోజూ పైకి అనుకోవడమే మార్గం. కాగితం మీద చదివితే అర్థమవుతాయి గాని నాలుకకు అలవాటు కావు.

కాలం సంగతి చూడండి. మన ‘తెలియదు’కు కాలం లేదు. ‘ఇప్పుడు నాకు తెలియదు’ అంటాం, ‘మీరొస్తారని నాకు తెలియదు’ అని కూడా అంటాం. రెండో వాక్యం చెప్పే సమయానికి మీరు ఎదురుగానే ఉన్నారు, కనుక తెలిసిపోయింది. తెలియనిది అంతకుముందు. మన భాషలో ఆ తేడా వినేవాడు గ్రహించుకుంటాడు. ఇంగ్లీషులో క్రియే చెప్పాలి: ‘ఐ డిడింట్ నో యు వర్ కమింగ్’. ఇక్కడ ‘ఐ డోంట్ నో’ అంటే ఎదుట కూర్చున్న చుట్టాన్ని పట్టుకుని మీ రాక సంగతి ఇప్పటికీ తెలియదని చెప్పినట్టవుతుంది. ఆఫీసులో ఇది మరీ ముఖ్యం. ‘ఈ నిబంధన ఉందని నాకు తెలియదు సర్’ అనేదాన్ని ‘ఐ డిడింట్ నో అబౌట్ దిస్ రూల్’ అంటే నిన్నటి మాట, ఇప్పుడు తెలుసుకున్నాను అని. ‘ఐ డోంట్ నో’ అంటే ఇంకా తెలుసుకోలేదని.

‘ఏం చేయాలో తెలియడం లేదు’ అని మనం సహజంగా అంటాం. దాని నీడలోనే ‘ఐయామ్ నాట్ నోయింగ్ వాట్ టు డు’ పుట్టింది. ఇంగ్లీషులో ‘నో’ జరుగుతూ ఉండే పని కాదు, ఉండే స్థితి. అందుకే దానికి ‘ఇంగ్’ తగిలించరు. అలాగే ‘నాకు వంట రాదు’, ‘నాకు ఈత రాదు’ అన్నవి జ్ఞానానికి కాదు, చేతకు సంబంధించినవి. ‘ఐ కాంట్ కుక్’, ‘ఐ కాంట్ స్విమ్’ అనండి. ‘నో’ వాడాలనుకుంటే ‘ఐ డోంట్ నో హౌ టు కుక్’ అనాలి, మధ్యలో ‘హౌ టు’ తప్పదు.

వ్యాకరణంకన్నా ఎక్కువ నష్టం తెచ్చే పొరపాటు ఇంకొకటి ఉంది. అడిగింది అర్థం కానప్పుడు, వినపడనప్పుడు, గుర్తు రానప్పుడు, అన్నింటికీ ‘ఐ డోంట్ నో’ అనేయడం. తెలుగులో మనం ఎన్నడూ అలా చేయం. ‘వినపడలేదండీ’, ‘అర్థం కాలేదండీ’, ‘గుర్తు రావడం లేదు’ అని వేరువేరుగా చెబుతాం. ఇంగ్లీషులోకి వచ్చేసరికి భయం వల్ల మూడూ ఒకటే అయిపోతాయి. ఉద్యోగానికి ఫోన్ ఇంటర్వ్యూ ఇస్తున్న అమ్మాయికి ప్రశ్న సరిగా వినపడలేదు, ‘ఐ డోంట్ నో’ అంది అనుకోండి. అవతలివాళ్లు ఆమెకు ఆ విషయమే రాదని రాసుకుంటారు. జవాబు ఆమె దగ్గర ఉంది, ప్రశ్నే ఆమెకు చేరలేదన్నమాట. వినపడకపోతే ‘సారీ, ఐ డిడింట్ క్యాచ్ దట్’, అర్థం కాకపోతే ‘సారీ, ఐ డిడింట్ అండర్‌స్టాండ్ ది క్వశ్చన్’, గుర్తు లేకపోతే ‘ఐ కాంట్ రిమెంబర్ ది ఎగ్జాక్ట్ నంబర్’. నానక్‌రాంగూడ అమెరికా కాన్సులేట్ కిటికీ ముందు నిలబడే విద్యార్థులూ, అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లి అక్కడి డాక్టరుకు మందుల పేర్లు చెప్పాల్సిన అమ్మానాన్నలూ ముందుగా నేర్చుకోవలసినవి ఈ మూడు వాక్యాలని నా నమ్మకం. మందు పేరు తెలియదనడం వేరు, గుర్తు రావడం లేదనడం వేరు. డాక్టరు తర్వాత అడగబోయే ప్రశ్న దాన్నిబట్టే మారుతుంది.

ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రాసేవారికి కూడా ఇదే చెప్పాలి. అందులో మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు, మూడు భాగాలు. పరీక్షించేవారు చూసేవి నాలుగు: మాట ధార, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. విషయ పరిజ్ఞానం ఆ నాలుగింటిలో లేదు. అంతరిక్ష యాత్రల గురించో పురావస్తుశాలల గురించో అడిగితే, దాని గురించి ఏమీ తెలియకపోవడం నేరం కాదు. మౌనంగా ఉండిపోతేనే నష్టం. ‘ఐ డోంట్ నో మచ్ అబౌట్ మ్యూజియమ్స్, బట్ ఐ ఇమాజిన్...’ అని మొదలుపెట్టినవారు తెలియదని చెబుతూనే రెండు మంచి వాక్యాలు మాట్లాడినట్టు. ఉద్యోగంలోనూ అంతే. ‘ఐ హ్యావెంట్ వర్క్‌డ్ విత్ దట్, బట్ ఐ హ్యావ్ యూజ్డ్ సమ్‌థింగ్ సిమిలర్’ అన్న అభ్యర్థి అబద్ధం ఆడలేదు, చేతులూ ఎత్తేయలేదు. కౌంటర్ దగ్గర కూర్చున్నవారైతే ‘లెట్ మీ చెక్’, ‘ఐల్ ఫైండ్ అవుట్ అండ్ లెట్ యు నో’ అనాలి. అన్నాక కనుక్కుని చెప్పాలి కూడా.

జాగ్రత్తగా ఉండవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. ‘నాకేం తెలుసండీ’ అని మనం మెత్తగా అనగలం. ‘హౌ షుడ్ ఐ నో?’ అంటే మాత్రం ఇంగ్లీషులో కసిరినట్టే. సినిమాల్లో వినిపించే ‘బీట్స్ మీ’, ‘ఐ హ్యావెంట్ ఎ క్లూ’ స్నేహితుల దగ్గర బాగుంటాయి, మేనేజరు దగ్గరో కాన్సులేట్‌లోనో బాగుండవు. ‘హూ నోస్’ కూడా అంతే. ‘ఎవరికి తెలుసు’ అని మనం నిట్టూరుస్తాం, అక్కడ అది పట్టించుకోనట్టు వినపడవచ్చు.

ఇంగ్లీషు బోధనకు హైదరాబాదుతో పాత అనుబంధం ఉంది. దేశంలోని ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఈ ఊళ్లోనే పెట్టారు. 2007లో అది ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. గన్‌ఫౌండ్రీ, ఆబిడ్స్ చుట్టుపక్కల మిషనరీ బడుల్లో తరతరాల పిల్లలు ఇంగ్లీషులోనే చదివారు. కానీ నా ఆలోచనంతా ఇప్పుడు వేరే పిల్లల మీద ఉంది. 2022 జనవరిలో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయం తీసుకున్నాక, తర్వాతి విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు మాట వినని పిల్లలు ఆ తరగతుల్లో కూర్చున్నారు. టీచరు ‘అండర్‌స్టుడ్?’ అని అడిగితే తరగతంతా ‘యెస్ టీచర్’ అంటుంది. ఆ ‘యెస్’లో చాలా భాగం అర్థమైందని కాదు, కాలేదని చెప్పడానికి వాళ్ల దగ్గర వాక్యం లేదని.

ఆ వాక్యం మొదటి వారంలోనే ఇవ్వవచ్చు. ‘ఐ డోంట్ అండర్‌స్టాండ్ దిస్ పార్ట్, టీచర్.’ ‘కెన్ యు సే ఇట్ అగైన్?’ ‘ఐయామ్ నాట్ షూర్.’ గోడ మీద రాసి పెట్టి, రోజుకొకరి చేత అనిపిస్తే పలక మీది అక్షరాలంత తేలిగ్గా వస్తాయి. పిల్లవాడు ఆ మాట అన్నప్పుడు తరగతి నవ్వకుండా చూడటం, తనకు తెలియని ప్రశ్న వచ్చినప్పుడు ‘ఐ డోంట్ నో. లెట్స్ ఫైండ్ అవుట్’ అని పిల్లల ముందు పైకి అనడం టీచరు చేతిలో ఉన్న పనులు. ఆ టీచరు నోట ఆ వాక్యం ఒకసారి విన్న పిల్లవాడు ‘దిస్ పార్ట్, టీచర్’ అంటూ పుస్తకంలో వేలు పెట్టి చూపించడానికి వెనకాడడు.